వెంకటరామయ్య గారికి నచ్చని ఫ్లాష్‌లు

వెంకటరామయ్య గారు ఆరేళ్లుగా తన కెమెరాకి మొదటి ఫ్లాష్ ఎంచుకుంటున్నారు. ఇంకా ఎంచుకోలేదు.

ఈ ఆరేళ్లలో కొంపల్లి చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు విల్లాలయ్యాయి. విల్లాల గేట్లకి కుక్కలున్నవి జాగ్రత్త అని బోర్డులు వెలిశాయి. ఆ కుక్కలు కూడా ముసలివై మొరగడం మానేశాయి. నా రెండు కళ్లకీ శుక్లాలు తీశారు. తెలిసినవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. మేడ్చల్ రోడ్డులో వానాకాలం బస్సు కిటికీ పక్కన కూర్చుంటే కూడలి కూడలికీ ఫ్లెక్సీలే. ఒకే కర్రకి పైన పుట్టినరోజు శుభాకాంక్షలు, కింద శ్రద్ధాంజలి. ఇన్ని జరిగాయి కానీ వెంకటరామయ్య గారు ఫ్లాష్ కొనడం మాత్రం జరగలేదు.

ఫ్లాష్ అంటే ఏమిటో తెలియని నాలాంటి వాళ్ల కోసం చెబుతాను. కెమెరాలోనే ఒక చిన్న దీపం ఉంటుంది. అది మొహం మీద సూటిగా కొడుతుంది. దాంతో తీస్తే పెళ్లికూతురు కూడా సోదాలో దొరికినట్టు వస్తుంది. అందుకని విడిగా ఒక ఫ్లాష్ కొని కెమెరా నెత్తిన తగిలిస్తారు. దానికి మెడ తిరుగుతుంది. మెడ పైకెత్తి ఇంటి కప్పుకేసి కొడితే, వెలుగు కప్పుని తాకి మెత్తబడి కిందికి దిగుతుంది. ఇదంతా నేను చదువుకున్న విద్య కాదు. పుస్తకం పట్టుకుని కిటికీ పక్కన కూర్చునే నన్ను లాక్కెళ్లి ఆయన నేర్పిన విద్య.

మా పరిచయం హేమచంద్ కొట్లో జరిగింది. మేడ్చల్‌లో కెమెరాలు అమ్ముతూ ఫోటోలు కడిగి ఇచ్చే చిన్న దుకాణం అది. పెన్షన్ కాగితాలకి పాస్‌పోర్టు ఫోటో దిగుదామని వెళ్లాను. బయట ముసురు. లోపల మెడలో కెమెరా, చంకలో థర్మోకోల్ షీటు పెట్టుకుని ఒక పెద్దమనిషి హేమచంద్‌ని నిలదీస్తున్నారు.

"మెడ వెనక్కి పూర్తిగా తిరుగుతుందా బాబూ? ఒకసారి కొట్టాక మళ్లీ కొట్టడానికి ఎన్ని సెకన్లు? నాలుగు సెల్లులేస్తే ఎన్నిసార్లు కొడుతుంది? ఎంత వెలుగు కావాలో తనే తేల్చుకుంటుందా, మనం చెప్పాలా? నా కెమెరాతో మాట్లాడుతుందా, లేకపోతే మూగ సంబంధమా?"

"సార్, నిరుడు గూడ ఇవే అడిగిన్రు."

"నిరుడు చెప్పింది నిరుటి ఫ్లాష్ గురించి కదా."

అంతలో ఆయన కళ్లు నా మీద పడ్డాయి. పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

"మాస్టారూ, మీ వయసెంతండీ?"

"డెబ్బై ఒకటి."

"అద్భుతం! ఇలా కూర్చోండి."

నా వయసుని అద్భుతం అన్న మనిషి నాకు అంతకుముందు తగల్లేదు, ఆ తర్వాతా తగల్లేదు. కూర్చున్నాను. నేను నిజంగా మాస్టరునే అన్న సంగతి ఆయనకి మూడు నెలల తర్వాత తెలిసింది.

వెంకటరామయ్య గారిది తణుకు వైపు. పంచదార ఫ్యాక్టరీలో చెరుకు బళ్లు తూచే పని ముప్పై ఏళ్లు చేసి, కొంపల్లిలో ఫ్లాటు కొనుక్కుని వచ్చారు. రిటైరైన రోజున తోటివాళ్లు శాలువాకి బదులు కెమెరా కొనిచ్చారట. "శాలువా కప్పి ఉంటే ఈపాటికి చిరిగిపోయేది, నాకూ పీడ వదిలేది" అంటారు ఆయన భార్య నాగమణి గారు.

హేమచంద్ దగ్గర ఒక ఏర్పాటు ఉండేది. శుక్రవారం ఒక ఫ్లాష్ ఇచ్చేవాడు. నచ్చితే కొనాలి, లేదంటే సోమవారం వాపసు తేవాలి. ఆరేళ్ల సోమవారాల్లో ఒక్కటీ ఫ్లాష్ వాపసు తేకుండా పోలేదు. ఆయన చెప్పే కారణాలు వినడానికే నేను సోమవారాలు మేడ్చల్ వెళ్లేవాణ్ణి.

"కొట్టాక ఊపిరి తీసుకోడానికి ఆరు సెకన్లు పడుతోంది బాబూ. నాకంటే ఆయాసం."

"దీనికి ఆవేశం ఎక్కువ. దూలపల్లిలో ఒకాయన నోట్లో బీడీ జారి పంచె మీద పడింది."

"మెడ బాగానే తిరుగుతోంది. కానీ తిరిగినప్పుడల్లా కీచుమంటోంది. మా మేనత్త గుర్తొస్తోంది."

"అన్నీ బాగున్నాయి. అదే అనుమానంగా ఉంది."

ఈ చివరి కారణానికి హేమచంద్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "సార్, గీయన మెట్లెక్కుతుంటెనే నాకు బీపీ లేస్తది. ఒకపారి దవాఖానల చూపెట్టుండ్రి" అన్నాడు నాతో. ఎవరి బీపీ చూపించమన్నాడో నాకు తేలలేదు.

నాగమణి గారి బాధ వేరు. "మా పెళ్లిచూపులు పది నిమిషాల్లో అయిపోయాయి అన్నయ్యగారూ. అందులో అయిదు నిమిషాలు జంతికలు తినడంతోనే సరిపోయింది. ఆ డబ్బాని మాత్రం ఆరేళ్ల నుంచీ చూస్తున్నారు."

"నీ విషయంలో తొందరపడ్డాననే కదే, ఈసారి నిదానంగా చూస్తున్నాను" అనేవారు ఆయన. తర్వాత రెండు రోజులు మా ఇంట్లో భోంచేసేవారు.

ఫ్లాష్‌ని ఇంట్లో పరీక్షించుకోవచ్చు. పువ్వు మీద, పిల్లి మీద పరీక్షించుకోవచ్చు. వెంకటరామయ్య గారు మనుషుల మీదే పరీక్షించేవారు. అందులోనూ డెబ్బై దాటినవాళ్ల మీదే. ఎందుకంటే, "వాళ్లు కదలరండీ" అనేవారు. శుక్రవారం ఫ్లాష్ చేతికి రాగానే శనివారం పాత స్కూటరు తీసేవారు. వెనక నేను. నా చేతుల్లో థర్మోకోల్ షీటు. కప్పు నుంచి దిగిన వెలుగుని మొహం కిందికి తిప్పడానికి అది కావాలట. ఎదురుగాలికి అది తెరచాపలా లేచి స్కూటరుని షామీర్‌పేట వైపు లాక్కెళ్లేది. మేము వెళ్లాల్సింది దూలపల్లికి.

దూలపల్లిలో పైపుల ఫ్యాక్టరీకి కాపలా ఉండి మానుకున్న సిద్దయ్య ఉండేవాడు. బీడీ కథ ఈయనదే. ఆ ఇంటి కప్పుకి చిలకాకుపచ్చ రంగు వేసి ఉంది. ఫ్లాష్ కప్పుని తాకి పచ్చదనమంతా మోసుకుని కిందికి దిగింది. సిద్దయ్య మొహం కెమెరాలో తోటకూర రంగులో వచ్చింది.

"ఇది నేనేనా సారు? పసరికల రోగం వట్టినట్టున్న."

"మీరు బాగానే ఉన్నారు పెద్దాయనా. ఫ్లాష్‌కే బాగాలేదు. ఇలా గుమ్మం దగ్గరికి రండి, మళ్లీ చూద్దాం. కదలకండి."

సిద్దయ్య ఊపిరి బిగబట్టి, గడ్డం పైకెత్తి, సాక్షి బోనులో నిలబడ్డట్టు కూర్చున్నాడు. ఫ్లాష్ పడింది. "అయిపోయిందా? ఇగ బీడీ ముట్టియ్యొచ్చా?" అని నవ్వుతూ భుజాలు వదులు చేశాడు. కెమెరా ఇంకోసారి టక్కుమంది. ఈసారి ఫ్లాష్ లేదు.

"ఇదేంటి?" అన్నాను.

"వేలు తగిలిందండీ."

ఆయన వేలు ప్రతిసారీ తగిలేది. ఫ్లాష్ ఒకసారి పడేది, మనిషి తేలికపడేవాడు, వేలు తగిలేది. ముప్పై ఏళ్లు తూకం యంత్రం నొక్కిన వేలు కదా, వణుకు వచ్చిందనుకున్నాను. పెద్దవాళ్ల వణుకు గురించి అడగకూడదు. నేనూ అడగలేదు.

ఇక అత్వెల్లి సంగతి. అక్కడ లక్ష్మణ్ ఉన్నాడు. వాళ్లది భూములున్న ఇల్లు. ఇప్పుడు ప్లాట్లు, వెంచర్లు, వార్డు రాజకీయం అన్నీ చూసుకుంటాడు. నాలుగేళ్ల కింద వాళ్ల నాయిన పోయాడు. తీరా చూస్తే ఆయనకి విడిగా ఒక్క ఫోటో లేదు. మా వైపు పాత తరానికి ఒక నమ్మకం ఉంది. నలుగురిలో ఫోటో దిగితే ఫరవాలేదు, ముసలితనంలో ఒంటరిగా కూర్చుని దిగితే ఆయుష్షు తగ్గుతుందంటారు. అందువల్ల చాలామంది ఆధార్ కార్డులోని మొహంతోనే గోడ ఎక్కుతారు. ఆధార్ కార్డులో మనమందరం ఏదో నేరం ఒప్పుకున్నట్టే ఉంటాం.

లక్ష్మణ్ నాయిన ఆధార్ ఫోటో మరీ మసక. దాంతో ఒక పెళ్లి గుంపు ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి ఫ్లెక్సీ వేయించారు. మనిషైతే వచ్చాడు కానీ, పక్కనున్న ఎవరిదో చెయ్యి ఆయన భుజం మీద ఉండిపోయింది. అయిదు వేళ్లు, ఒక ఉంగరం, సగం గడియారం. అత్వెల్లి మలుపులో పన్నెండడుగుల ఎత్తున ఆ చెయ్యి పది రోజులు నిలబడింది. దినాల భోజనాల్లో పోయినాయన గురించి ఒక్కరూ మాట్లాడలేదు. "ఆ చెయ్యి ఎవలిదిరా?" అన్నదే చర్చ. చివరికి ఒక చోటా నాయకుడు ఆ చెయ్యి తనదేనని, పోయినాయనకి తాను అంత దగ్గరివాణ్ణని చెప్పుకుని తిరిగాడు. లక్ష్మణ్ తల వంచుకుని వడ్డించాడు.

లక్ష్మణ్ తల్లి బాలమణి. డెబ్బై ఎనిమిదేళ్లు. గుండెది నీరసం, నోటిది కాదు. వెంకటరామయ్య గారు మొదటిసారి ఫ్లాష్ పట్టుకుని వెళ్లినప్పుడు వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది.

"అమ్మా, చిన్న టెస్టండీ. ఫ్లాష్ కొందామా వద్దా అని చూస్తున్నాను. కాస్త కూర్చుంటే..."

"నీ టెస్టులు నా మీదేంది? నేనేమన్న బర్రెనా సూదిమందు ఏసి సూడనీకి? నడువు!"

నడిచాం. గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి పిలుపు. "ఓ కెమెరాయనా! చాయ్ తాగిపో. ఆ అట్టముక్క వట్టుకున్నాయన్ని గూడ రమ్మను." అట్టముక్క పట్టుకున్నాయన్ని నేనే.

ఇలా ఎనిమిది సార్లు వెళ్లాం. ఎనిమిది సార్లు తిట్టింది. ఎనిమిది సార్లు చాయ్ ఇచ్చింది. అత్వెల్లిలో మిగతా ముసలివాళ్లంతా ఒక్కొక్కరూ టెస్టుకి కూర్చున్నారు, ఈమె మాత్రం కూర్చోలేదు.

ఈ శ్రావణంలో రెండు కష్టాలు ఒకేసారి వచ్చిపడ్డాయి. మొదటిది హేమచంద్ పెట్టాడు. మూత విప్పిన డబ్బాలు చూసి కొనేవాళ్లు పాత సరుకు అంటున్నారట. "ఇగ నాతోని కాదు సార్. ఈ శుక్రారం ఇచ్చిందే ఆఖరు. ఐతారం దాంక చూస్త. ఐతారం నాడు ఏదన్న ఒకటి కొంటె మంచిదే, లేకుంటె మళ్ల నా దుకాణం మెట్లెక్కకుండ్రి. ఆయనకు మీరు పూచీ." నేను పూచీ ఉన్నాను. ఆ మాటకి వెంకటరామయ్య గారి మొహం ఎలా అయిందంటే, బడి నుంచి పేరు కొట్టేసిన పిల్లవాడి మొహం కూడా అంత దిగులుగా ఉండదు. కొనేస్తే పోయేదానికి ఇంత దిగులెందుకో నాకు అర్థం కాలేదు.

రెండోది ఆ సాయంత్రమే లక్ష్మణ్ ఫోన్‌లో చెప్పాడు. బాలమణికి గుండె ఆపరేషన్. సోమవారం దవాఖానలో చేరాలి.

"అయితే శనివారమే టెస్టు చెయ్యాలి" అన్నారు వెంకటరామయ్య గారు.

నాకు కోపం రావడం అరుదు. వచ్చింది. "ఆమె ఆపరేషన్‌కి పోతున్నది సార్. మీ డబ్బా బాగుందో లేదో చూసుకోడానికి ఆమే దొరికిందా?"

ఆయన థర్మోకోల్‌కి అంటిన మట్టి తుడుస్తూ కూర్చున్నారు. "మీరు రానక్కర్లేదు మాస్టారూ. షీటు ఎలాగోలా నేనే పట్టుకుంటాను" అన్నారు. కెమెరా, ఫ్లాష్, షీటు, స్కూటరు హ్యాండిలు అన్నీ రెండు చేతులతో పట్టుకున్న ఆయన్ని ఊహించుకున్నాను. వెళ్లాను.

శనివారం పొద్దున్నే ముసురు పట్టింది. దూలపల్లి మలుపులో సిగ్నల్ పడి స్కూటరు ఆగింది. తలెత్తితే ఎదురుగా కొత్త ఫ్లెక్సీ. దాని మీద సిద్దయ్య.

పోయాడని నాకు అప్పుడే తెలిసింది. కానీ ఆ క్షణంలో నన్ను కట్టిపడేసింది చావు కాదు, ఆ మొహం. ఆధార్ మొహం కాదు. గుంపులోంచి కత్తిరించిన మొహం కాదు. భుజాలు వదిలేసి, పెదవి ఒక పక్కకి జారి, ఇప్పుడే బీడీ అడగబోతున్న సిద్దయ్య. గుమ్మం లోంచి వచ్చిన వెలుగు సగం మొహం మీద పడుతోంది. మిగతా సగం కింద కొసన సన్నగా తెల్లటి అంచు. నేను పట్టుకున్న థర్మోకోల్ అది.

"సార్, ఇది వేలు తగిలిన ఫోటో కదా?"

"ఏదండీ?"

"అదే. ఎదురుగా పన్నెండడుగులున్నది."

"పచ్చ లైటు పడిందండీ" అని ఆయన బండి పోనిచ్చారు. పచ్చ లైటు పడలేదు. వెనక ఎవరో తిట్టారు.

అత్వెల్లి చేరాం. ఆయన కెమెరా తీసుకుని లోపలికి వెళ్లారు. నేను వసారాలో లక్ష్మణ్‌ని పట్టుకున్నాను.

"సిద్దయ్య ఫోటో వాళ్లకెక్కడిది లక్ష్మణ్?"

లక్ష్మణ్ నా వంక వింతగా చూశాడు. "మీకు ఎర్క లేదా సార్? ఐదేండ్లు అట్ట పట్టిన్రు గదా!"

"అట్ట పట్టానంతే."

"ఎక్కన్నో పట్నంల పెద్దగ కడిగిపిచ్చి, పేపర్ల సుట్టి, కొడుకులకో కోడండ్లకో సాటుగ ఇస్తడు సార్. 'బీరువాల అడుగున పెట్టుకోండి, ఇప్పుడే గోడకెక్కియ్యకండి, పెద్దాయనకి సూపియ్యకండి' అని చెప్తడు. మా నాయిన ఫ్లెక్సీ ఆయన జూసిండు గదా, దినాల నాడే నా దగ్గరికొచ్చిండు. 'మీ అమ్మగారి విషయంలో ఇలా కాకుండా నేను చూస్తాను' అన్నడు. నాలుగేండ్లాయె, ఈమె కూసుంటలేదు." గొంతు తగ్గించాడు. "సోమారం తీస్కపోతున్న సార్. ఒకేళ... నాకు మా అమ్మ ఫోటో ఒక్కటి గూడ లేదు."

ఫ్లాష్ కొనకపోవడానికి కారణం అప్పుడు అర్థమైంది. కొన్నాక ఇంకా టెస్టు ఏముంటుంది? అప్పుడు తీసేది ఫోటో అవుతుంది. ఫోటో అంటే ఎందుకో ప్రతి ముసలివాడికీ తెలుసు. అదే టెస్టు అయితే వాళ్లు ఈయనకి సాయం చేస్తున్నట్టు.

లోపల నుంచి బాలమణి గొంతు. "లచ్చన్నా! నీ గుసగుసలు పక్కింటి కోడికి గూడ ఇనొస్తున్నయ్. పో, మేడ్చల్ పోయి బత్తాయిలు తే."

"బత్తాయిలున్నయ్ గదనే."

"పుల్లగున్నయ్. పో!"

లక్ష్మణ్ వెళ్లాక నన్ను లోపలికి పిలిచింది. మంచం మీద కూర్చుని ఉంది. వెంకటరామయ్య గారు ఎదురుగా స్టూలు మీద, తప్పు చేసి దొరికినట్టు.

"మా ఊళ్లె పదకొండు మందిని టెస్టు జేసినవు. నలుగురు పోయిన్రు. నలుగురి పోటోలు దివ్యంగ గోడకున్నయ్. మాకు తెల్వదనుకున్నవా కెమెరాయనా?"

ఆయన స్టూలు మీద ముందుకి జరిగారు. "తెలిసీ... తెలిసీ ఎందుకు కూర్చున్నారండీ వాళ్లంతా?"

"పాపం, ఫ్లాషు దొరక్క పరేషాన్ అయితున్నడు గదా అని." బాలమణి నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అంది. "నువ్వు మా మొహం మీద అనలేవు. మేము నిన్ను అడగలేం. నడుమ గా డబ్బ ఉన్నది. మంచిగనే ఉన్నది."

"మరి మీరెందుకు కూర్చోలేదమ్మా?" అన్నాను నేను.

"నా కొడుకు ముంగట ఎట్ల కూసుంట? కూసుంటే మా అమ్మ ఇగ తయారైంది అనుకుంటడు. వాని ధైర్నం పోతది. నేను తిడుతున్నంతసేపు వానికి భయం లేదు." కొంగు సర్దుకుంది. "ఇయ్యాల వాడు లేడు. కూసుంట. గని ముందుగల ఒకటి చెప్పు. అందరికి తీసినవు. నీకు తీసినోడెవడు?"

"నాకెందుకండీ..."

"కూసో."

వెంకటరామయ్య గారి వయసు డెబ్బై నాలుగు. ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరమూ ఎప్పుడూ అనుకోలేదు. ఆయన్ని గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, కెమెరా ఆమె ఒళ్లో పెట్టి, ఎక్కడ నొక్కాలో నేను చూపించాను. అట్ట పట్టుకున్నాను. ఆయన ఊపిరి బిగబట్టి, గడ్డం పైకెత్తి కూర్చున్నారు. ఇన్నేళ్లు ఇతరుల మొహాల్లో చూసిన బిగువంతా ఆయన మొహంలోకి వచ్చింది. ఫ్లాష్ పడింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ "బాబోయ్, ఇలా ఉంటుందా!" అని నవ్వారు. కెమెరా మళ్లీ టక్కుమంది.

"వేలు తగిలింది సారు" అంది బాలమణి.

తర్వాత ఆమె వంతు. కొత్త చీరేమీ కట్టుకోలేదు. ఫ్లాష్ పడగానే ఫ్లాష్‌నీ, ఫ్లాష్ చేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ ముగ్గుర్నీ కలిపి తిట్టింది. తిట్టి, "పీడ వోయింది" అని గోడకి ఆనుకుంది. ఆ మొహం మీద అప్పుడు కోపం లేదు, ఎవరి కోసమో పెట్టుకున్న ధైర్యమూ లేదు. ఎండలో పని చేసి నీడకొచ్చిన మనిషి మొహం అది. వెంకటరామయ్య గారి వేలు తగిలింది.

(చదివేవాళ్లు దిగులు పెట్టుకోకుండా ఇక్కడే చెప్పేస్తున్నాను. బాలమణి పదకొండు రోజులకి దవాఖాన నుంచి తిరిగొచ్చింది. నర్సులందరికీ మారుపేర్లు పెట్టి వచ్చింది.)

తిరుగు దారిలో నా మనసులో ఒకటే తొలుస్తోంది. హేమచంద్ కొట్లో మొదటిరోజు ఆయన నన్నడిగిన మొదటి మాట నా వయసు. ఇంటికి వెళ్లి మా కోడలు నవ్యశ్రీని అడిగాను. "అమ్మా, వెంకటరామయ్య గారు నీకెప్పుడైనా పేపర్లో చుట్టి ఏమైనా ఇచ్చారా?"

"పాలు పొంగుతున్నయ్ మామయ్యా" అని లోపలికి పరుగెత్తింది. సాయంత్రం ఆరింటికి మా ఇంట్లో పొయ్యి మీద పాలుండవు. నేను బీరువా వెతకలేదు. బాగానే వచ్చి ఉంటుందనుకున్నాను.

ఆదివారం హేమచంద్ బిల్లు బుక్కు తెరిచి, పెన్ను మూత తీసి, మా కోసం కూర్చుని ఉన్నాడు. వెంకటరామయ్య గారు డబ్బా బల్ల మీద పెట్టారు. దారి పొడవునా నేను చెబుతూనే వచ్చాను, ఏదో ఒకటి కొనేయండి, కొన్న సంగతి ఎవరికీ చెప్పొద్దు అని. "అబద్ధం ఆడలేనండీ" అన్నారాయన. ఆరేళ్లుగా ఆడుతున్నది ఏమిటో ఆయనకే తెలియాలి.

"నచ్చలేదు బాబూ."

"ఏం నచ్చలే?"

"దీని వెలుగులో... కొంచెం మొహమాటం ఉంది."

హేమచంద్ పెన్ను మూత పెట్టాడు. లేచి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. "ఇగ నేనేమన సార్. మీరు పెద్దమనుషులు. పోయిరాండ్రి" అని రెండు చేతులూ జోడించాడు. వెంకటరామయ్య గారు తలూపి, మెట్ల వైపు తిరిగారు. థర్మోకోల్ బయటికి తేవాలో అక్కడే వదిలేయాలో నాకు తోచలేదు.

అప్పుడు మెట్ల కింద ఒక ట్రాలీ ఆటో ఆగింది. ముందు లక్ష్మణ్. వెనక చాప పరిచి, దాని మీద అయిదుగురు ముసలమ్మలు. ఇస్త్రీ చీరలు, కొప్పుల్లో పూలు. ఒకామె కళ్లజోడుని రెండో ఆమె అడిగి తీసుకుని పెట్టి చూసుకుంటోంది. మూడో ఆమె తన వంతు ఎప్పుడంటోంది.

లక్ష్మణ్ దిగాడు. "అమ్మ తోలిచ్చింది సార్, అందరు పక్కూర్లోళ్లే. టెస్టుకు మనుషులు తక్వ వడుతున్నరట గదా. నేను దవాఖానకు పోతున్న, నా బదులు వీళ్లను తీస్కపో అన్నది."

అందరికంటే పెద్దామె, దుర్గాబాయి, ఆటో చెక్క పట్టుకుని లోపలికి తొంగి చూసి హేమచంద్‌ని పలకరించింది. "బిడ్డా, ఈ సారు ఇంక కొనలేదు గద? కొన్నడంటె చెప్పు, ఎనక్కి పోతం. మాకు ఫోటోలు గీటోలు వద్దు. టెస్టయితెనే దిగుతం."

హేమచంద్‌కి ఏమీ అర్థం కాలేదు. నన్ను చూశాడు. నేను దగ్గరికి వెళ్లి రెండే రెండు మాటల్లో చెప్పాను.

వారం వారం ఆ బల్ల ముందుకి ఆధార్ కార్డు పట్టుకుని వచ్చేవాళ్లు అతనికి తెలుసు. "అన్నా, ఇందులకెంచి మా అమ్మను జర పెద్దగ తియ్యి, ఫ్లెక్సీకి" అని ఏడుపు ఆపుకుంటూ నిలబడేవాళ్లు తెలుసు. లేని కళ్లు గీసి, లేని వెలుగు పూసి ఇచ్చేది అతనే. ఆటోలోని అయిదు కొప్పుల్నీ ఒకసారి చూశాడు. బిల్లు బుక్కు మూసి సొరుగులో పడేశాడు. స్టూలు ఎక్కి, పై అరలోంచి ఎవరూ ముట్టుకోని కొత్త డబ్బా ఒకటి దించి, సీలు తనే కోసి, వెంకటరామయ్య గారి చేతుల్లో పెట్టాడు.

"మొన్ననే వచ్చింది సార్. ఇది గూడ మీకు నచ్చది. తీస్కపోండ్రి."